మీటరు మీది బొట్టు

ఏప్రిల్ ఎండకు కారు మీటరు మీది బొట్టు ఊడింది.

అది నాదే. నేను పెట్టుకునే ఎర్రటి స్టిక్కర్ బొట్టు. నా భర్త దాన్ని మా స్నానాల గది అద్దం మీది నుంచి తీసి, స్టీరింగు వెనక మీటరు పలక మీద ఒక మూలకు అంటించాడు. ఆయన పోయాక ఆ కారు నడుపుతున్నది ఆయన తమ్ముడు, నా మరిది. అతను ఆ బొట్టును ఎన్నడూ ముట్టుకోలేదు. మీటరు తుడిచేటప్పుడు గుడ్డను దాని చుట్టూ తిప్పేవాడు. దినాల రోజు నా నుదుటి మీది బొట్టు తీశారు. ఇంట్లో అద్దాల మీద అంటించి ఉన్నవాటిని ఎవరో ఆడవాళ్లు గోటితో గీకేశారు. కారులోది ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ పొద్దున మరిది కారు స్టార్ట్ చేసి, ఇంజను అలాగే ఉంచి, వంటింటి గడప దాకా వచ్చి నిలబడ్డాడు.

“వదినె, బొట్టు ఊడిపోయింది.”

“ఎండకు ఊడి ఉంటది. పోనీ తియ్యి.”

“అది గాదు వదినె. దాని కింద లైటు ఎలుగుతుంది.”

వెళ్లి చూశాను. బొట్టు ఊడి, కాళ్ల దగ్గరి చాప మీద పడి ఉంది. అది ఉన్న చోట మీటరు లోపల చిన్న ఇంజను బొమ్మ పసుపు రంగులో వెలుగుతోంది. చుట్టూ జిగురు మరక మిగిలింది.

“ఎప్పటి సంది ఎలుగుతుంది ఇది?”

“నాకేం ఎరుక? నేను బండి పట్టుకున్నప్పటి సంది ఆడ బొట్టే ఉన్నది.”

ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేయమన్నాను. మిగతా లైట్లన్నీ వెలిగి ఆరిపోయాయి. అది ఆరలేదు.

ఆయన ఆ బొట్టు అంటించిన తర్వాత మొదటిసారి కారెక్కినప్పుడు, ఇదేందని అడిగాను. “నువ్వు పక్కన కూసున్నట్టు ఉంటది,” అన్నాడు. అలాంటి మాటలు అనే మనిషి కాదు ఆయన. మా కాపురంలో అలాంటి మాట నాకు గుర్తున్నది అదొక్కటే. ఆయన పోయిన తర్వాత చాలా రోజులు దాన్ని పట్టుకుని ఉన్నాను. ఇప్పుడు వాకిట్లో కారు తలుపు పట్టుకుని ఆ లైటును చూస్తూ నిలబడ్డాను. లోపలికి వెళ్లాలని కూడా తోచలేదు.

ఆయన ఆ కారులోనే పోయాడు. విమానాశ్రయం దగ్గర క్యాబ్‌లు కాచుకుని ఉండే ఖాళీ స్థలం ఒకటి ఉంది. డ్రైవర్లు తమ నంబరు కోసం పూటంతా అక్కడే ఉంటారు. అద్దాలెత్తి, ఏసీ వేసి, సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తారు. ఎవరి నంబరైనా దగ్గరికొస్తే పక్క బండివాడు దిగి వచ్చి అద్దం మీద కొట్టి లేపుతాడు. అక్కడి మర్యాద అది. పోయిన వానాకాలం, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆయన నంబరు వచ్చింది. అద్దం మీద కొట్టారు. లేవలేదు. తలుపు తీయించేసరికి ఇంజను నడుస్తూనే ఉందని, లోపల చల్లగా ఉందని చెప్పారు.

దవాఖానలో గుండె ఆగిందన్నారు. ఇంకా వివరం తెలియాలంటే పోస్టుమార్టం చేయాలని డాక్టరు అన్నాడు. మా అత్త వరండాలో నేల మీద కూర్చుని ఉంది. “నా కొడుకును కొయ్యనియ్య. సక్కగున్నోన్ని సక్కగనే అంపుత,” అంది. వెంట వచ్చిన ఊరి పెద్దలదీ అదే మాట. మా వైపు శవాన్ని కోయించడమంటే చచ్చినవాణ్ని మళ్లీ చంపినట్టే చూస్తారు. ఎవరూ కాదనలేదు. ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు, చూడవచ్చినవాళ్లు ముఖం ఎంత కళగా ఉందో అనుకున్నారు. వరసకు అక్కయ్యే ఒకామె వంగి నా చెవిలో అడిగింది. “పాన్ తిన్నడానే? పెదవులు గంత ఎర్రగున్నయి.” ఆయనకు పాన్ అలవాటు లేదు. అదే చెప్పాను. ఆ మాట అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు విమానాలు దిగే వైపు ఒకప్పుడు మా మామ జొన్న వేసేవాడు. ఆ భూమి విమానాశ్రయం కింద పోయాక ఇంట్లో మగవాళ్లకు స్టీరింగే పని అయింది. అందుకని అన్న పోయాక తమ్ముడు తుక్కుగూడలో చేస్తున్న పని మానుకుని కారు తీసుకున్నాడు. తీసుకున్న కొన్నాళ్లకే తలనొప్పి మొదలైంది. సాయంత్రం వచ్చి తల పట్టుకుని గద్దె మీద కూర్చునేవాడు. కడుపులో తిప్పుతోందని అన్నం ముట్టేవాడు కాదు. బండి తీయని రోజు మాత్రం మామూలుగా తిని తిరిగేవాడు. మేమంతా భయపడింది ఒక్కదానికే, అన్నకు వచ్చిందే తమ్ముడికీ వస్తుందేమోనని. గుండె పరీక్షలన్నీ చేయించాం. గుండె బాగుందన్నారు. ఇంటికి వచ్చాక అతను మళ్లీ తల పట్టుకుని కూర్చున్నాడు.

మా అత్తకు మాత్రం కారణం తెలుసు. “అన్న పక్క సీట్ల కూసుంటుండు. తమ్ముణ్ని ఇడిసి ఉండలేకపోతుండు,” అనేది. అమావాస్యకు ఆ సీట్లో ఆకు పరిచి అన్నం, ఉడకబెట్టిన గుడ్డు పెట్టేది. అది ఆమెకు భయం కాదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం తేటగా ఉండేది.

లైటు కనబడిన రోజు శంషాబాద్ పాత రోడ్డు మీద మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాం. నా భర్త కూడా ఎప్పుడూ అతని దగ్గరికే పోయేవాడు. అతను స్టీరింగు కింద స్కానర్ గుచ్చి, చేతిలోని చిన్న తెర చూశాడు.

“ఏం లేదక్కా. పొగ ఫాల్టు చూపిస్తుంది. సెన్సర్ గడబిడ చేస్తుంది, గంతే.”

“అంటే ఏంది?”

“అంటే బండికేం గాదు. పరేషాన్ అయితే పొల్యూషన్ చెకింగ్ చేసేటోడు గావాలె. మనకేంది?”

మీట నొక్కాడు. లైటు పోయింది.

“ఐపాయె. ఇగ నువ్వు అన్న లెక్క బొట్టు పెట్టే పని లేదు తమ్మీ,” అని మరిది భుజం మీద కొట్టాడు.

“ఆయన లైటు కోసమే పెట్టిండా బొట్టు?” అని అడిగాను.

“ఇంక దేనికి పెడ్తరక్కా? నేనే జెప్పిన, కండ్లల్ల పడకుంట ఏదన్న అంటియ్యన్నా అని. దేవుని బొమ్మనో ఏదో తెస్తడనుకున్న. గాయిన మీ బొట్టు తెచ్చి పెట్టిండు. మస్తు నవ్వినం ఆరోజు.”

అతను అప్పుడు కూడా నవ్వాడు. మరిది నేల చూశాడు. నేను వెళ్లి కారులో కూర్చున్నాను.

కొద్ది రోజులకే లైటు మళ్లీ వచ్చింది. ఈసారి మెకానిక్ సెన్సరు మార్చాడు. మళ్లీ వచ్చింది. “నల్ల టేపు ఉన్నదా అక్కా ఇంట్ల?” అన్నాడు.

నేను ఒక కాలేజీలో లైబ్రరీ చూస్తాను. ఆయన పోయాక, దుఃఖంలో ఉన్నవాళ్లు చదవాల్సినవని చాలామంది నాకు పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. ఒక్కటీ పూర్తి చేయలేకపోయాను. ఆ వారం డిప్లొమా పిల్లల అరలోంచి ఆటోమొబైల్ పాఠ్యపుస్తకం తీసి, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు చదివాను. అర్థమయ్యేలానే ఉంది. ఇంజను పొగ బయటికి పోయే గొట్టం మధ్యలో ఒక డబ్బా ఉంటుంది. దాని లోపల తేనెపట్టులాంటి సన్నని గూళ్లు. ఇంజనులోంచి వచ్చే విషవాయువులు వాటిలోంచి పోయేటప్పుడు చాలా మటుకు విరిగి మారిపోతాయి. డబ్బాకు ముందు ఒక సెన్సరు, వెనక ఒక సెన్సరు. లోపలికి పోయే పొగ, బయటికి వచ్చే పొగ ఒకేలా ఉంటే డబ్బా పని చేయడం లేదని కంప్యూటరు గ్రహిస్తుంది. అప్పుడు ఆ పసుపు లైటు వెలుగుతుంది.

అంటే సెన్సరులో తప్పు లేకపోవచ్చు. అది ఉన్నదున్నట్టే చెబుతుండవచ్చు. 

పేజీ తిప్పాను. ఆ వాయువుల గురించి రాశారు. మొదటిది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడని చోట దాన్ని పీలిస్తే తలనొప్పి, కడుపులో తిప్పడం, నిద్రమత్తు. 

ఆ మూడు మాటలను నేను మళ్లీ చదవలేదు. ఫోన్ తీసి మరిదికి చేశాను. అతను ఆ సమయంలో విమానాశ్రయం దగ్గర ఆ ఖాళీ స్థలంలోనే ఉంటాడు. ఫోన్ మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. కిటికీ అవతల వరండాలో పిల్లలు నవ్వుకుంటూ పోతున్నారు. మళ్లీ చేశాను.

“ఆఁ, వదినె,” అన్నాడు. గొంతు ముద్దగా ఉంది.

“ఏం జేస్తున్నవ్?”

“జర పండుకున్న. తలకాయ నొస్తుంది.”

“ఏసీ ఉన్నదా? ఇంజను ఆన్ల ఉన్నదా?”

“ఉన్నది. ఎండ మండుతుంది గదా.”

“ఇంజను బంద్ చెయ్యి. దిగు.”

“నా నంబర్ దగ్గరికొచ్చింది వదినె...”

“నంబర్ మన్నుల వొయ్యనీ. దిగు నువ్వు. ముందు దిగు.”

నేను లైబ్రరీలో అరిచానని తర్వాత అక్కడి అటెండర్ చెప్పింది. నాకు గుర్తు లేదు. అతను తలుపు తీసిన చప్పుడు, తర్వాత పైన విమానం చప్పుడు ఫోన్లో వినబడడం మాత్రం గుర్తుంది.

అద్దాలన్నీ దించి కారును కాలేజీ దగ్గరికి తీసుకురమ్మన్నాను. అక్కడి నుంచే కాటేదాన్‌లో సైలెన్సర్లు బాగుచేసే ఒక షెడ్డుకు వెళ్లాం. షెడ్డు నడిపేవాడు మధ్యవయసువాడు, హుషారైన మనిషి.

“ఏందక్కా, సౌండ్ పెంచాల్నా, తగ్గియ్యాల్నా?”

“పొగగొట్టం మీది డబ్బాల ఏమున్నదో చూడాలె.”

“డబ్బాల ఏముంటది? బిర్యానీ ఉంటదా?” అని తన మాటకు తానే నవ్వుకున్నాడు. “లైటు ఒచ్చిందా? సెన్సర్ మారిస్తే పోతది లే అక్కా. గీ ఎండల గింత దూరం ఎందుకొచ్చిన్రు?”

మార్చామని, పోలేదని, విప్పి చూడకుండా ఇక్కడి నుంచి కదలనని చెప్పాను. అతను మరిది వైపు చూశాడు. “మీ అక్క మస్తు గట్టిది బై,” అంటూ కారును పైకి లేపాడు. నెత్తి మీద కారు ఉండగా మేం ముగ్గురం దాని కింద నిలబడ్డాం. నేనెప్పుడూ కారు అడుగుభాగం చూడలేదు. అతను స్పానర్‌తో డబ్బా మీద కొట్టాడు. ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

“ఖాళీ,” అన్నాడు. “గిది జూడు, మధ్యల కోసి మళ్ల వెల్డింగ్ పెట్టిన్రు. లోపలిదంత తీసేసిన్రు. జామ్ అయితే గట్లనే తీపిస్తరు, కొత్తది పిరం గదా. పికప్ వస్తది, బండి గుంజుతది. లైటు మాత్రం ఎలుగుతనే ఉంటది.”

ఆయన ఒకరోజు హుషారుగా ఇంటికి వచ్చి, బండి గుర్రం లెక్క ఉరుకుతోందని చెప్పాడు. నన్ను ఎక్కించుకుని కందుకూరు దాకా తీసుకెళ్లి తెచ్చాడు. నేను బొట్టు చూసింది ఆరోజే. అద్దాలెత్తుకుని ఇద్దరం ఏసీలో కూర్చుని వెళ్లాం.

షెడ్డతను చేతిదీపం పట్టుకుని డబ్బా ముందు భాగం చూశాడు. అతికిన చోట ఒకవైపు గొట్టం పగిలి వేలు పట్టేంత నెర్రె పడింది. దాని పైన కారు అడుగు రేకు నల్లగా ఉంది. మసి ఒక దారి పట్టి పైకి పోయింది. అతను దీపాన్ని ఆ దారి వెంట జరుపుతూ పోయి, ఒకచోట ఆపాడు. గ్యాస్ కిట్ బిగించినప్పుడు వైరు కోసం వేసిన రంధ్రం అది. దాన్ని మూసే రబ్బరు బిళ్ల ఊడిపోయింది. అతను అందులోకి వేలు దూర్చాడు. వేలు లోపలికి పోయింది.

“గిది డ్రైవర్ సీటు కిందికి పోతది,” అన్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు. “బండి ఆన్ల పెట్టి ఇందుల ఎవరన్న పండుకుంటరా?”

మరిది నా వైపు చూశాడు. తర్వాత అతనితో అన్నాడు. “అన్న పండుకున్నడు.”

“ఏడున్నడు అన్న? ఒకసారి తోల్కరా, నేను జెప్త ఆయనకు. గిట్ల పండుకుంటే లేస్తడా మనిషి?”

పక్క షెడ్డులో ఏదో కోత మిషను నడుస్తోంది. అతను మరిది ముఖం చూసి, నా ముఖం చూసి, నా ఖాళీ నుదురు చూశాడు. స్పానర్‌ను కింద పెట్టాడు.

“కూసో అక్కా,” అన్నాడు. పాత టైర్ల మీద కూర్చున్నాను. ఎవరో నీళ్లు తెచ్చి ఇచ్చారు. గ్లాసు చేతిలో పట్టుకుని ఉన్నాను, తాగాలని తెలియలేదు. మరిది కారు కిందే నిలబడి ఆ రంధ్రాన్ని చూస్తున్నాడు. తర్వాత షెడ్డు బయటికి వెళ్లి వాంతి చేసుకున్నాడు.

మర్నాడు లైబ్రరీలో నర్సింగ్ పిల్లల అర దగ్గరికి వెళ్లి ఇంకో పుస్తకం తీశాను. నాకు కావలసిన వాక్యం నిలబడే చదివాను. ఆ వాయువు పట్టిన రక్తం మామూలుకంటే ఎర్రగా ఉంటుంది, అలా పోయినవాళ్లలో కొందరికి చర్మం, పెదవులు ఎర్రగా కనిపిస్తాయి. పాన్ తిన్నడానే, అని ఆమె అడిగింది. వాకిట్లో అందరి మధ్యా కూర్చుని ఉండగానే నా చెవిలో అడిగింది. ఆయన పెదవులను మేమందరం చూశాం. ముఖం ఎంత కళగా ఉందో అన్నాం.

ఇది రుజువు కాదని నాకు తెలుసు. శరీరాన్ని పరీక్షించనివ్వలేదు, ఇప్పుడు పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. గుండె కూడా అయి ఉండవచ్చు. కానీ తమ్ముడి తలనొప్పి గుండెది కాదు. డబ్బా కొత్తది వేయించి, గొట్టం మార్పించి, రంధ్రం మూయించాక అతనికి ఒక్కరోజు కూడా తల నొయ్యలేదు. లైటు కూడా మళ్లీ రాలేదు.

అత్తకు ఏం చెప్పాలో షెడ్డు నుంచి వచ్చే దారిలోనే మేమిద్దరం అనుకున్నాం. పైపు పగిలిందని, బాగైందని చెప్పాలి. అంతకు మించి వద్దు. మరిది అలాగే చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

“తలనొస్తలేదా ఇగ?”

“లేదమ్మా. మంచిగున్న.”

“అస్సలుకే నొస్తలేదా?”

“అస్సలుకే లేదు.”

ఆమె చేట పక్కన పెట్టింది. “అయితే పోయిండా వాడు?” అని అడిగింది. “మరి జెప్పకుంటనే పోయిండా?”

ఆమె అంతకు ముందు, దినాలప్పుడు కూడా అలా ఏడవలేదు. మరిది ఆమె పక్కన కూర్చున్నాడు. కొయ్యనియ్య అన్న ఆమె మాటను నేను ఆ పూట తలుచుకోకుండా ఉండలేకపోయాను. పైకి ఏమీ అనలేదు. అననని కూడా అనుకున్నాను.

బాగైన కారును మొదటిసారి కిరాయికి తీసిన రోజు మరిది నన్ను కాలేజీ దగ్గర దించాలి. దించలేదు. “జర నాతో రా వదినె,” అని నేరుగా ఆ ఖాళీ స్థలానికి తీసుకెళ్లాడు. ఆయన పోయిన చోటికి నేను వెళ్లడం అదే మొదలు. పొద్దున తొమ్మిదికే ఎండ కొడుతోంది. తెల్లటి కార్లు వరసలుగా ఉన్నాయి. అద్దాలెత్తి ఉన్నాయి. ఇంజన్లన్నీ ఒక్కసారిగా గురక పెడుతున్నట్టు చప్పుడు.

మరిది దిగి మొదటి కారు అద్దం మీద కొట్టాడు. లోపలివాడు ఉలిక్కిపడి లేచి అద్దం దించాడు.

“నంబరొచ్చిందా అన్నా?”

“రాలే. నీ మీటర్ల ఇంజను లైటు ఎలుగుతుందా?”

“ఏంది? లైటు అడగనీకి లేపినవా? దిమాక్ ఉన్నదా నీకు?”

“ఎలుగుతుందా లేదా జెప్పు.”

“లేదు పో.”

“మంచిది. జర అద్దం దించి పండుకో.”

రెండో కారు. మూడో కారు. నేను అతని వెనక నడిచాను. ఒకతని మీటరు మీద నల్ల టేపు ఉంది. ఇంకొకతని మీటరు మీద దేవుడి బొమ్మ ఉంది. దాన్ని తీయించేసరికి కింద లైటు లేదు, అతను బొమ్మను మళ్లీ అంటిస్తూ మమ్మల్ని తిట్టిపోశాడు. టేపు అతను మాత్రం తిట్టలేదు. “తలకాయ నొస్తుందా అన్నా నీకు?” అని మరిది అడిగితే, “నీకెట్ల ఎరుక?” అన్నాడు. ఇంజను ఆపి దిగాడు. వరసలో అప్పటికే మాట పాకింది. మేం రాకముందే కొందరు అద్దాలు దించి, “ఒచ్చిండు లైట్ల డాక్టరు, నిద్ర పోనియ్యడు,” అని అరుస్తున్నారు. అరుస్తున్న ప్రతి ఒక్కరి ముఖం చూశాను.

చివరి వరసలో ఒక కారులో మనిషి సీటు వాల్చి, ముఖం మీద రుమాలు కప్పుకుని ఉన్నాడు. మరిది కొట్టాడు. కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు. కదల్లేదు. మరిది నన్ను చూశాడు. అతని ముఖంలో రక్తం లేదు. నేను ముందుకు వెళ్లి రెండు అరచేతులతో అద్దాన్ని బాదాను. గాజులు లేని చేతులు, చప్పుడు రాలేదు. పిడికిలి బిగించి బాదాను.

రుమాలు కదిలింది. అతను దాన్ని తీసి, ఎండకు కళ్లు చికిలించి, కారు చుట్టూ నిలబడ్డ మమ్మల్నందరినీ చూశాడు.

“ఎవరన్న సచ్చిన్రా ఏంది?” అని విసుక్కుంటూ అద్దం దించాడు.